కార్టూన్ పాత్రలు గీయడం నేర్చుకోవడానికి ఏ మార్గదర్శిని మంచిది: విశాఖలో మొదలుపెట్టేవారికి ఒక పోలిక

యానిమేషన్ కార్టూన్లలోని పాత్రలను గీయడం నేర్చుకోవాలనుకునేవారికి ఇవాళ మార్గదర్శినులకు కొదవ లేదు. పుస్తకాల దుకాణంలో పిల్లల అర ముందు నిలబడితే దశలవారీగా బొమ్మలు గీయించే పుస్తకాలు వరుసగా కనిపిస్తాయి. ఫోను తెరిస్తే అయిదు నిమిషాల్లో ఏనుగును, పది నిమిషాల్లో రాకుమారిని గీయించే వీడియోలు అంతకు ఎన్నో రెట్లు దొరుకుతాయి. ఎండాకాలం సెలవులు వచ్చాయంటే ఎం.వి.పి. కాలనీ నుంచి గాజువాక దాకా డ్రాయింగ్ తరగతుల ప్రకటనలు వెలుస్తాయి. వీటిలో దేన్ని ఎంచుకోవాలో ధరను బట్టో, అట్ట మీది బొమ్మ అందాన్ని బట్టో తేల్చుకుంటే డబ్బు కన్నా ముందు ఉత్సాహం వృథా అవుతుంది. నా దృష్టిలో మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ మార్గదర్శిని బొమ్మ అంచును నేర్పుతోందా, లేక బొమ్మ లోపలి కట్టడాన్ని నేర్పుతోందా? పుస్తకమా వీడియోనా, కాగితమా తెరా అన్నవన్నీ దీని తరువాత వచ్చే ప్రశ్నలు.

అంచు నేర్పేవి, కట్టడం నేర్పేవి

అంచు నేర్పే మార్గదర్శినిలో మొదటి దశ ఒక చెవి గీత, రెండో దశ నుదురు, మూడో దశ బుగ్గ, ఆ తరువాత గడ్డం. గీత ముఖం చుట్టూ తిరిగి మొదలైన చోటికి వచ్చేసరికి బొమ్మ పూర్తవుతుంది. చూసి వేసినవారికి మొదటి రోజే పోలిక కుదిరిన బొమ్మ చేతికి వస్తుంది కాబట్టి ఈ పద్ధతికి ఆదరణ ఎక్కువ. అయితే అదే పాత్ర పక్కకు తిరిగి నవ్వుతున్నట్టు గీయమని అడిగితే, ఆ చేతికి ఏ గీత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఎందుకంటే అది నేర్చుకున్నది ఆ పాత్రను కాదు, ఆ ఒక్క భంగిమను.

కట్టడం నేర్పే మార్గదర్శిని ఒక గుండ్రంతో మొదలవుతుంది. ఆ గుండ్రాన్ని బంతిగా భావించి, దాని ఉపరితలం మీదుగా నిలువుగా ఒక వంపు గీతను, అడ్డంగా మరొక వంపు గీతను వేయిస్తుంది. నిలువు గీత పక్కకు జరిగితే ముఖం అటు తిరిగినట్టు, అడ్డగీత కిందికి వంగితే తల దించినట్టు. కళ్లు ఆ అడ్డగీత మీద కూర్చుంటాయి, ముక్కు రెండు గీతలూ కలిసే చోటికి దగ్గరగా వస్తుంది. దవడకు మరొక చిన్న గుండ్రం, మొండేనికి పియర్ పండు ఆకారం, చేతులకు కాళ్లకు గొట్టాలు చేరిన తరువాతే పై అంచు గీస్తారు. మొదటి వారమంతా కాగితం మీద కనిపించేవి గుండ్రాలూ గీతలే కాబట్టి పిల్లలకు కొంత నిరాశగా ఉంటుంది. ఆ వారం దాటించగలిగితే ఆపైన వారు ఆగరు. ముగ్గు విషయం మన ఇళ్లలో అందరికీ తెలిసినదే: చుక్కల వరుస పట్టుబడినవారు ముగ్గును వాకిలి ఎంత ఉంటే అంత పెంచగలరు, గీతలను మాత్రమే కంఠస్థం చేసినవారికి ఆ ఒక్క ముగ్గే వస్తుంది.

యానిమేషన్‌కు ఈ కట్టడం ఎందుకంత అవసరమో లెక్క చూస్తే అర్థమవుతుంది. సినిమా తెర మీద సెకనుకు 24 చట్రాలు (ఫ్రేములు) నడుస్తాయి. ఒక్కొక్క బొమ్మను రెండేసి చట్రాల పాటు నిలిపే పద్ధతిలో కూడా సెకనుకు 12 బొమ్మలు, అంటే నిమిషానికి 720 బొమ్మలు కావాలి. వీటిని ఒక్కరే గీయరు, ఒకే కోణం నుంచీ గీయరు. ఎవరి చేతిలో పడ్డా, ఎటు తిరిగినా పాత్ర మారకుండా ఉండాలంటే అది సులువైన ఘనరూపాలతో కట్టినదై ఉండాలి. 1928లో తెర మీదికి వచ్చిన మిక్కీ మౌస్‌ను అబ్ ఐవర్క్స్ దాదాపు పూర్తిగా గుండ్రాలతోనే రూపొందించడానికి ఒక పెద్ద కారణం ఇదే. ఆ తరువాతి దశాబ్దంలో ఫ్రెడ్ మూర్ అదే పాత్ర మొండేన్ని పియర్ పండు ఆకారానికి మార్చాడు. గుండ్రని బంతి కన్నా ఆ ఆకారం సులువుగా వంగుతుంది, నొక్కితే కుదించుకుంటుంది, లాగితే సాగుతుంది. డిస్నీ స్టూడియో చిత్రకారులు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో గ్రంథస్థం చేసిన పన్నెండు యానిమేషన్ సూత్రాల్లో మొదటిది ఈ కుదింపు, సాగుదలల గురించే. సాగినా కుదించుకున్నా పాత్ర మొత్తం పరిమాణం మారినట్టు అనిపించకూడదన్నది అందులోని కీలకం. అంచును మాత్రమే నేర్చుకున్న చేతికి ఈ సూత్రం అందదు, ఎందుకంటే పరిమాణం అంచులో ఉండదు.

దుకాణంలో నిలబడి పుస్తకాన్ని పరీక్షించే పద్ధతి కూడా ఇక్కడి నుంచే వస్తుంది. మొదటి పుట చూడకండి, మధ్యలో ఎక్కడైనా తెరవండి. రెండో దశకూ మూడో దశకూ మధ్య ఎంత దూరం ఉందో గమనించండి. చాలా పుస్తకాల్లో రెండో దశ దాకా రెండు గుండ్రాలే ఉంటాయి, మూడో దశకు కళ్లు, జుట్టు, దుస్తుల మడతలతో సహా బొమ్మ సిద్ధమైపోతుంది. అలాంటి పుస్తకంలో గుండ్రాలు అలంకారానికే తప్ప పాఠానికి కావు. తరువాత, ఒకే పాత్రను కనీసం రెండు కోణాల నుంచి చూపిన పుట ఉందేమో వెతకండి. పాత్ర ఎత్తు ఎన్ని తలలో చెప్పారా అన్నది మూడోది. నిజమైన పెద్దవారి ఎత్తు సుమారు ఏడున్నర తలలు ఉంటే, కార్టూన్ బుడతడి ఎత్తు మూడు తలల దగ్గరే ఆగుతుంది. కళ్లు తలలో సగం కన్నా కిందికి దిగి, నుదురు పెద్దదయ్యే కొద్దీ ముఖంలో పసితనం పెరుగుతుంది. ఈ కొలతలు చెప్పే పుస్తకం చేతికి దొరికితే, దాని అట్ట ఎంత పాతగా ఉన్నా, ముద్రణ నలుపు తెలుపుల్లోనే ఉన్నా, తీసుకోవడానికి సందేహించనక్కర లేదు.

అంచు నేర్పే పుస్తకాలను పూర్తిగా పక్కన పెట్టమని నేను చెప్పను. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు బంతిని కాగితం మీద ఊహించడం కష్టం. ఆ వయసులో గీత అదుపులోకి రావడమూ, మొదలుపెట్టిన బొమ్మ పూర్తయిందన్న సంతోషమూ ముఖ్యం. ఆ రెంటినీ అంచు పుస్తకాలు బాగానే ఇస్తాయి. తొమ్మిది పదేళ్లు దాటిన తరువాత కూడా అవే కొనిపెడుతూ పోవడం మాత్రం పిల్లల ఎదుగుదలను ఆపేస్తుంది.

మన ప్రాంతంలో ఉన్నవారికి ఏ పుస్తకంలోనూ లేని ఒక సౌకర్యం ఉంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను మర మీద తిప్పుతూ చెక్కి, లక్క రంగులు అద్దే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరిగే మర మీద చెక్కినవి కావడంతో వాటి ఆకారాలు చాలావరకు బంతులు, గొట్టాలు, శంకువులే: తల ఒక బంతి, మొండెం ఒక గంట, టోపీ ఒక శంకువు. కార్టూన్ పాత్రల కట్టడం సరిగ్గా ఇదే. చిన్న బొమ్మ ఒకటి కొని బల్ల మీద పెట్టి, ముందు నుంచి, ముప్పాతిక కోణం నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీస్తే ఒకే పాత్రను అన్ని కోణాల నుంచీ చూపే పుటకు, అంటే స్టూడియోల్లో మోడల్ షీట్ అని పిలిచే దానికి పునాది పడుతుంది. 1930ల చివర డిస్నీ స్టూడియోలో జో గ్రాంట్ నడిపిన విభాగం చిత్రకారులు చుట్టూ తిప్పి చూసుకోవడానికి పాత్రల ప్రతిమలను తయారుచేయించేది. ఆ పనిని మనకు ఏటికొప్పాక బొమ్మ చేసిపెడుతుంది. ఏ మార్గదర్శిని ఎంచుకున్నా దాని పక్కన ఈ బొమ్మ ఒకటి ఉండాలన్నది నా గట్టి సలహా.

పుస్తకం, వీడియో, మాస్టారు

పుస్తకం గొప్పతనం అది కదలకుండా ఉండడంలోనే ఉంది. మూడో దశ దగ్గర అరగంట ఆగవలసి వస్తే పుట అక్కడే తెరుచుకుని ఉంటుంది, గీసిన బొమ్మను పక్కన పెట్టి తేడా చూసుకోవచ్చు. చెయ్యి ఎంత వేగంగా కదలాలో, పెన్సిల్‌ను ఎంత తేలికగా పట్టుకోవాలో, గీతను మణికట్టుతో లాగాలో భుజంతో లాగాలో మాత్రం పుస్తకం చూపలేదు. మొదలుపెట్టేవారి గీత ముక్కలు ముక్కలుగా, వెంట్రుకల్లా వచ్చేది సాధారణంగా ఈ విషయం తెలియకే. అక్కడ వీడియో ఉపయోగపడుతుంది.

వీడియోలో ఇబ్బంది ఏమిటంటే వేగం మనది కాదు. ఒక గీత చూసి ఆపి, ఆ గీత వేసి మళ్లీ నడిపించి వేసుకుంటూ పోతే, బొమ్మ బాగానే వస్తుంది కానీ తరువాతి గీత ఎందుకు అక్కడ వచ్చిందన్న ఆలోచనకు తావుండదు. గంట పనిని ఒక నిమిషంలోకి కుదించి చూపే వీడియోలు కంటికి ఎంత బాగున్నా పాఠాలు కావు. వీడియోను ఎంచుకున్నవారు పెన్సిల్ ముట్టుకోకుండా మొదట పూర్తిగా ఒకసారి చూసి, ఫోను తిరగేసి పెట్టి జ్ఞాపకం నుంచి గీయాలి. చిక్కుపడ్డ చోటును మాత్రమే రెండోసారి చూసుకోవాలి. ఈ పద్ధతిలో మొదటి బొమ్మ అందవిహీనంగా వస్తుంది, అయినా ఫరవాలేదు. భాష విషయం కూడా ఆలోచించాలి. నాకు కనిపించినంతలో తెలుగు వీడియోల్లో అంచు పద్ధతివే ఎక్కువ, కట్టడాన్ని వివరించేవి ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంగ్లీషు మాట్లాడే వేగాన్ని అందుకోలేని పిల్లలకు, మాటలు తక్కువగా బొమ్మలు ఎక్కువగా ఉన్న పుస్తకమే మేలు. కొనే ముందు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలోనో, బడి గ్రంథాలయంలోనో ఇలాంటి పుస్తకం ఉందేమో విచారించడం మంచిది. ఒక్క వారం తిరగేస్తే అది తమకు సరిపడేదో కాదో తెలిసిపోతుంది.

పుస్తకమూ వీడియో రెండూ చేయలేని పని ఒకటుంది: మీరు గీసినదాన్ని చూసి తప్పు ఎక్కడుందో చెప్పడం. దాని కోసమే మాస్టారు కావాలి. నగరంలో డ్రాయింగ్ తరగతులు చాలానే ఉన్నా అన్నీ ఒకే దారిలో ఉండవు. ప్రభుత్వం నిర్వహించే లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు తయారుచేసే చోట చెయ్యి బాగా కుదురుతుంది, కొలత అలవడుతుంది. కార్టూన్ పాత్రను ఊహించి తిప్పి గీయడం అక్కడి పాఠంలో ఉండాలన్న నియమం లేదు. కొన్ని చోట్ల పిల్లల ముందు ఒక అచ్చు బొమ్మ పెట్టి, దాన్ని గళ్ల సాయంతో పెద్దది చేయించి రంగులు వేయిస్తారు. ఇంటి గోడకు తగిలించుకోవడానికి అది బాగుంటుంది, మనం కోరేది మాత్రం వేరు. చేర్చే ముందు తల్లిదండ్రులు ఒక తరగతిసేపు అక్కడ కూర్చుని, మాస్టారు గారు ఏ బొమ్మా ముందు పెట్టుకోకుండా పిల్లల ఎదుట ఒక పాత్రను రెండు మూడు భంగిమల్లో గీస్తున్నారా, పిల్లల బొమ్మను దిద్దేటప్పుడు అంచును చెరిపి సరిచేస్తున్నారా లేక లోపలి గుండ్రాన్ని వేసి చూపిస్తున్నారా అని గమనిస్తే చాలు. ఇలా దిద్దే గురువు వారానికి ఒక్క గంట దొరికినా, మిగిలిన రోజులు పుస్తకంతో గడిపేయవచ్చు. చిత్రకళను చదువుగానే తీసుకోవాలనుకునే పెద్ద పిల్లలకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలిత కళల విభాగం ఉంది. అయితే అది చిత్రకళలో సమగ్రమైన చదువు, కార్టూన్ల కోసం వేసవిలో చేరే తరగతి లాంటిది కాదు.

తెలుగు పిల్లల్లో చాలామందికి బాపు గీతలా గీయాలని ఉంటుంది. ఆ కోరిక మంచిదే. అతి తక్కువ గీతలతో నిలబడే ఆ బొమ్మలను చూసి అంచే సర్వస్వం అనుకోవడం మాత్రం సరికాదు. నిలుచున్న తీరు, బరువు ఏ కాలి మీద ఉందన్నది ముందుగా మనసులో తేలితేనే అన్ని తక్కువ గీతలు సరిపోతాయి. అందుచేత బాపు బొమ్మను నకలు తీసేటప్పుడు పైన కనిపించే గీతను కాకుండా, తల నుంచి పాదం దాకా శరీరం మొత్తాన్ని నడిపే ఒకే ఒక్క వంపును మొదట వెతికి గీయాలి. యానిమేషన్ గీసేవారు లైన్ ఆఫ్ యాక్షన్ అనేది దీన్నే. ఈ వంపును మొదటి దశగా చూపే మార్గదర్శిని కనిపిస్తే, మిగిలినవాటికన్నా దానికి ఒక మెట్టు పైన స్థానం ఇవ్వవచ్చు.

కాగితమా, తెరా

మొదలుపెట్టేవారికి కాగితమే సరైనదన్నది నా నిశ్చితాభిప్రాయం. ఖర్చు తక్కువన్నది ఒక్కటే దీనికి కారణం కాదు. జిరాక్సుకు వాడే 70 లేదా 75 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు) ఎ4 కాగితం కొంత పలచగా ఉంటుంది. కింద ఒక బొమ్మను పెట్టి కిటికీ అద్దానికి ఆనిస్తే పగటి వెలుగులో కింది గీత పైకి కనిపిస్తుంది. గుండ్రాలతో గజిబిజిగా ఉన్న రఫ్ మీద కొత్త కాగితం వేసి శుభ్రమైన గీత తీసుకోవడానికి, నిన్నటి భంగిమ మీద ఇవాళ్టి భంగిమను కొంచెం జరిపి గీయడానికి ఇంతకన్నా ఏమీ అక్కర లేదు. రఫ్‌కు లేత నీలం రంగు పెన్సిల్, పై గీతకు హెచ్.బి. లేదా 2బి పెన్సిల్, ఒక మెండర్ ఉంటే చాలు. రబ్బరు మొదటి నెల పెట్టెలోనే ఉంటే మంచిది. చెరపలేమని తెలిసినప్పుడు గీత తేలికగా పడుతుంది. విశాఖలో ఉన్నవారికి ఒక జాగ్రత్త చెప్పాలి: సముద్రపు గాలిలో తేమకు, ముఖ్యంగా వానాకాలంలో, కాగితాలు మెత్తబడి అంచులు వంగిపోతాయి, సిరా పీల్చుకుని గీత పాకుతుంది. రీమును విప్పి బల్ల మీద వదిలేయకుండా పాలిథిన్ సంచిలో మూసి, అవసరమైనన్ని కాగితాలే బయటికి తీసుకోవాలి.

తెర మీద గీయడానికి పెన్ టాబ్లెట్లు రెండు రకాలు. తెర లేని పలకలో చెయ్యి బల్ల మీద, కన్ను కంప్యూటర్ మీద ఉంటాయి. ఈ ఎడం అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తరువాత అది ఇబ్బందిగా తోచదు. తెర ఉన్నవి కాగితానికి దగ్గరగా ఉంటాయి, ధర చాలా ఎక్కువ. రెంటిలోనూ ఉన్న అసలైన మేలు పొరలు: రఫ్ ఒక పొర మీద, శుభ్రమైన గీత మరో పొర మీద వేసుకోవచ్చు, ముందు వేసిన బొమ్మను లేతగా చూస్తూ తరువాతిది గీయవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనవసరం లేదు. క్రిటా, పెన్సిల్ టూడీ, బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్ ఉచితంగా దొరుకుతాయి. జపాన్‌లోని యానిమేషన్ సంస్థ స్టూడియో ఘిబ్లీ వాడిన టూంజ్ అనే సాఫ్ట్‌వేర్ ఆధారంగా వచ్చిన ఓపెన్‌టూంజ్ కూడా 2016 నుంచి ఉచితమే, కానీ కొత్తవారికి అది జటిలంగా ఉంటుంది. ప్రోక్రియేట్ డబ్బు పెట్టి కొనవలసినది, పైగా ఆపిల్ పరికరాల మీద మాత్రమే నడుస్తుంది కాబట్టి ఐప్యాడ్ లేనివారు దాని గురించి ఆలోచించనక్కర లేదు. ఉక్కపోత రోజుల్లో చేతి చెమటకు తెర మీద చెయ్యి అతుక్కుంటుంది. చిటికెన వేలినీ ఉంగరపు వేలినీ మాత్రమే కప్పే తొడుగు ఒకటి తీసుకుంటే ఆ బాధ తీరుతుంది.

తెరతో ప్రమాదం వేసిన గీతను వెనక్కి తీసుకునే (అన్‌డూ) మీటలో ఉంది. ప్రతి గీతనూ పదిసార్లు వేసి చెరిపే అలవాటు పడితే, చెయ్యి ఒక నిర్ణయానికి రావడం మానేస్తుంది. అందుకే కాగితం మీద ఒక పాత్రను నాలుగు కోణాల్లో గీయగలిగిన తరువాతే టాబ్లెట్ కొనమని చెబుతాను. అంతకు ముందు కొంటే అది అంచులు నకలు తీసే పరికరంగానే మిగిలిపోతుంది.

ఎవరికి ఏది

ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు అంచు నేర్పే పలుచని పుస్తకం ఒకటి, బోలెడు కాగితాలు ఇస్తే సరిపోతుంది. వీడియోలు అవసరం లేదు. పెద్దవారు పక్కన కూర్చుని గీస్తే అంతకన్నా మంచి పాఠం ఉండదు.

పది నుంచి పదహారేళ్ల వారికి ఎంపిక నిజంగా ముఖ్యమైనది, ఎందుకంటే ఇష్టమైన పాత్రను అచ్చుగుద్దినట్టు గీసి స్నేహితుల మెప్పు పొందే వయసు అది. ఆ మెప్పు దగ్గరే ఆగిపోయే వీలూ ఉంది. వీరికి కట్టడం నేర్పే పుస్తకం ప్రధానంగా, చేతి కదలిక చూడడానికి ఒకటి రెండు వీడియోలు సాయంగా, వీలైతే దిద్దే మాస్టారు వారానికి ఒకసారి ఉండాలి. పుస్తకంతో పాటు బయట గీయడం కూడా అలవాటు చేయాలి. మన తీరం తూర్పు ముఖం కావడంతో పొద్దున్నే ఆర్.కె. బీచ్ రోడ్డు మీద నిలబడితే, సముద్రం మీది నుంచి వచ్చే వెలుగుకు అడ్డంగా నడిచేవారు నల్లటి నీడ ఆకారాలుగా కనిపిస్తారు. ముఖం కనిపించకపోయినా ఎవరు పెద్దవారో, ఎవరు అలసిపోయారో, ఎవరు పరుగెత్తబోతున్నారో తెలుస్తూనే ఉంటుంది. నల్లగా పూసేసినా గుర్తుపట్టగలిగిన ఆకారమే మంచి కార్టూన్ పాత్రకు మొదటి లక్షణమని చెప్పే పాఠం అక్కడ ఉచితంగా దొరుకుతుంది. జంతు పాత్రలు ఇష్టపడేవారికి ఇందిరాగాంధీ జూ పార్కు ఉంది. అక్కడ జంతువు బొమ్మ పూర్తి చేయాలని పట్టుబట్టకుండా, అది మెడ తిప్పిన ప్రతిసారీ ఒక గుండ్రమూ ఒక వంపూ మాత్రమే గీసుకుంటే పుస్తకంలోని మొదటి దశ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో నేర్చుకునే పెద్దవారికి పుస్తకమే అనువైనది. తరగతి వేళలు వారికి కుదరవు, వీడియో మరో వీడియోకు దారి తీసి ఉన్న అరగంటను తినేస్తుంది. యానిమేషన్‌ను వృత్తిగా ఎంచుకోదలచినవారు మాత్రం ఏ ఒక్క మార్గదర్శినితోనూ సరిపెట్టుకోకూడదు. కట్టడం పుస్తకం పూర్తికాగానే నోటుపుస్తకం మూలల్లో బొమ్మలు వేసి పుటలు చకచకా తిప్పి చూసుకోవడం మొదలుపెట్టి, ఒక బంతి నేల మీద పడి ఎగరడం, ఒక తల ఇటు నుంచి అటు తిరగడం సాధించిన తరువాత టాబ్లెట్ వైపు వెళ్లాలి.

ఏది ఎంచుకున్నా నెల గడిచాక ఒక పరీక్ష పెట్టుకోండి. మార్గదర్శినిని మూసేసి, అందులో నేర్చుకున్న పాత్రను అందులో లేని కోణం నుంచి, అందులో లేని పని చేస్తున్నట్టు, అంటే కొబ్బరిబొండం తాగుతున్నట్టో, బస్సు వెనక పరుగెడుతున్నట్టో గీయండి. పోలిక పూర్తిగా నిలవకపోయినా అది ఆ పాత్రేనని ఇంట్లోవారు గుర్తుపట్టగలిగితే ఆ మార్గదర్శినితోనే మిగిలిన పుటలు కొనసాగించండి. గుర్తుపట్టలేకపోతే లోపం మీ చేతిలో ఉందనుకోకుండా, రెండో దశకూ మూడో దశకూ మధ్య తక్కువ దూరం ఉన్న మరొక మార్గదర్శినికి మారండి. పాత పుస్తకంలోని పాత్రలనే కొత్త పద్ధతిలో, మొదటి గుండ్రం దగ్గర నుంచి మళ్లీ కట్టడం మొదలుపెట్టండి.